వాగ్దాన కార్డుకు రెండోవైపు

డిసెంబరు 31 రాత్రి గుంటూరులో చాలా చర్చిలలో పన్నెండు దాటాక జరిగే పని ఒకటుంది. మోకాళ్ల ప్రార్థన ముగిసి, ఒకరికొకరు వందనాలు చెప్పుకున్న తరువాత, అందరూ వరుసలో నిలబడి బల్ల మీద పెట్టిన పళ్లెంలోంచి బైబిలు వచనం అచ్చయిన వాగ్దాన కార్డు తలా ఒకటి తీసుకుంటారు. రాబోయే పన్నెండు నెలలకూ దేవుడు తమతో చెప్పిన మాట అదేనని నమ్ముతారు. మంచి వచనం రావాలని కళ్లు మూసుకొని అడుగునుంచి లాగేవాళ్లను చూశాను. వచ్చినది నచ్చక, ఎవరూ చూడడం లేదనుకొని తిరిగి పళ్లెంలో వేసి ఇంకొకటి తీసుకునేవాళ్లనూ చూశాను. నేనూ ఒకసారి ఆ పని చేశాను. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను, వచ్చిన కార్డులో శ్రమలను ఓర్చుకోవడాన్ని గురించి ఉంది.

మూడేళ్ల క్రితం ఆ రాత్రి మా పెదనాన్నగారి అబ్బాయికీ నాకూ వేర్వేరు చర్చిలలో ఒకే వచనం వచ్చింది. యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం, 11వ వచనం: "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట అందులోదే. అన్నయ్య ఆర్టీసీలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. పుట్టింది, పెరిగింది మా లూథరన్ సంఘంలోనే అయినా, అప్పటికి రెండేళ్లుగా ఊరి చివర రేకుల షెడ్డులో మొదలై చూస్తుండగానే పెద్దదైన ఒక కొత్త సంఘానికి వెళుతున్నాడు. మర్నాడు ఉదయం ఇంటికి వచ్చి తన కార్డు చూపించాడు. మా చర్చిలో ఇచ్చినది మామూలు అట్టముక్క. అన్నయ్యది లామినేషన్ చేసిన కార్డు. ముందువైపు వచనం, వెనకవైపు పాస్టరుగారూ ఆయన భార్య అయిన అమ్మగారూ కలిసి నవ్వుతున్న ఫొటో, ఫోను నంబరు, కానుక పంపడానికి స్కాన్ చేసుకునే గళ్ల గుర్తు ఉన్నాయి. వచనం అచ్చయిన అక్షరాలకన్నా ఫోను నంబరు అక్షరాలే పెద్దవి.

ఇంత చిన్న విషయంతో ఎందుకు మొదలుపెట్టానంటే, మన విశ్వాసానికి ఏమైందో ఆ కార్డు చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పదని నాకు అనిపిస్తుంది. చదవవలసిన గ్రంథం మనకు తీసుకోవలసిన చీటీగా మారింది. "నిన్ను తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్న ద్వితీయోపదేశకాండపు మాట ఎన్ని ఆటోల వెనకా, ఎన్ని దుకాణాల తలుపుల మీదా ఉందో లెక్కలేదు. అది ఆ గ్రంథంలో 28వ అధ్యాయం, 13వ వచనం. ఆ అధ్యాయంలో మొత్తం 68 వచనాలుంటే దీవెనలు 14వ వచనంతోనే అయిపోతాయి. 15 నుంచి 68 దాకా, మాట వినకపోతే వచ్చే శాపాలే. 44వ వచనంలో ఇదే తల, ఇదే తోక తారుమారై మళ్లీ వస్తాయి. నీ మధ్యనున్న పరదేశి తలగా ఉంటాడు, నీవు తోకగా ఉంటావు అని. ఆ వచనంతో అచ్చయిన కార్డును ఇన్నేళ్లలో నేను చూడలేదు. ఆ పైన 12వ వచనంలో ఉన్న "అప్పిచ్చెదవు గాని అప్పుచేయవు" అన్న మాటను, ఫైనాన్సులో కొన్న బండికి అతికించుకున్నవాళ్లను మాత్రం చూశాను.

సందర్భం నుంచి తెంపిన వాగ్దానాన్ని వాడిన ప్రసిద్ధుడు సువార్తలలోనే ఒకడున్నాడు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దుముకు, దూతలు నిన్ను చేతులతో ఎత్తుకుంటారు అని యేసుతో చెప్పినప్పుడు అపవాది, అంటే సైతాను, వల్లించినది 91వ కీర్తనలోని మాటే. అది అబద్ధం కాదు, కల్పితమూ కాదు. మన ఇళ్లలో పటం కట్టించి గోడకు తగిలించే కీర్తనే. ఆ మాటను దేవుడి చేతిని మెలితిప్పడానికి వాడడంలో ఉంది తప్పు. ప్రభువైన నీ దేవుని శోధింపకూడదు అని జవాబిచ్చి యేసు దుమకడం మానాడు. మనవాళ్లు మాత్రం దుముకుతున్నారు.

అన్నయ్య దుమికిన సంగతి నాకు ఫిబ్రవరి చివరలో తెలిసింది. ఆయనకు పన్నెండేళ్లుగా షుగరు ఉంది. సంక్రాంతి వెళ్లిన తరువాత మూడు రాత్రులు జరిగిన స్వస్థత కూటాలలో, నూనె రాసి ప్రార్థించిన వెంటనే ఒళ్లంతా వెచ్చబడిందట. వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పమంటే, ఈ రోజునుంచి మాత్రలు ముట్టనని మైకులో చెప్పి వచ్చాడు. వేలమంది స్తోత్రం అన్నారు. ఆ సాక్ష్యాన్ని సెల్‌ఫోనులో తీసి ఎవరో పంపిస్తే మా కుటుంబంలో అందరూ చూశారు, కొందరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

నేను వెళ్లి వాదించాను. ఇప్పుడు ఆ మూడు వారాలను తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది గాని, అప్పుడు సత్యం కోసమే పోరాడుతున్నానని అనుకున్నాను. "ఒరేయ్ తమ్ముడూ, విశ్వాసం ఉన్నచోట మాత్రతో పనేముందిరా? మాత్ర వేసుకుంటే ఆయన్ని నమ్మనట్టేగా" అన్నాడు అన్నయ్య. జబ్బుపడిన హిజ్కియా రాజుకు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచుతానని దేవుడే చెప్పిన తరువాత కూడా, యెషయా ప్రవక్త అతని పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించాడు కదా అన్నాను. అది పాత నిబంధన అన్నాడు. కడుపు జబ్బుకు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని పౌలు తిమోతికి రాశాడన్నాను. మరుసటి ఆదివారం అన్నయ్య తన పాస్టరుగారిని అడిగి దానికి జవాబు తెచ్చాడు. పౌలు వెంట తిరిగిన లూకాను ప్రియమైన వైద్యుడని కొలొస్సయుల పత్రికలో పిలిచారు కదా అని నేను ఇంకొకటి వెతికిపెట్టుకొని వెళ్లాను. ఇద్దరం బైబిళ్లు తెరుచుకొని హాలులో కూర్చున్నాం. వదిన కాఫీ గ్లాసులు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టి, "అన్నదమ్ములిద్దరూ వచనాలు చెప్పుకుంటూ కూర్చోండి. ఆయన చెప్పు తీస్తే వాసన వస్తోంది, ఎవరన్నా చూశారా?" అంది.

నేను చూడలేదు. ఆయన కుంటుతూ వచ్చి తలుపు తీయడం మూడుసార్లు గమనించాను, మూడుసార్లూ నా తరువాతి వచనాన్ని గురించే ఆలోచించాను.

పెద్దాసుపత్రిలో మొదట రెండు వేళ్లు తీసేశారు. నెల తిరగకుండానే పాదంలో ముందు సగం పోయింది. షుగరు ఎక్కువకాలం అదుపు తప్పితే పాదాలలో స్పర్శ తగ్గుతుందనీ, గుచ్చుకున్నదీ కోసుకున్నదీ తెలియదనీ, రక్తప్రసరణ సరిగా లేక గాయం మానదనీ అక్కడి డాక్టరు చాలా ఓపికగా వివరించారు. కూటంలో ఒళ్లు వెచ్చబడిందన్న మాట నిజమే కావచ్చు, దాన్ని నేను ఎగతాళి చేయను. చెప్పులో ఇరుక్కున్న రాయి మాత్రం ఆయనకు తెలియలేదు.

ఇది గుంటూరులో జరగడం నన్ను మరింత బాధించింది. 1842లో మిషనరీ హయ్యర్ ఈ ఊరికి వచ్చి లూథరన్ మిషను మొదలుపెట్టిన నాటినుంచి సువార్త ఇక్కడ బడితోనూ తరువాత మందుతోనూ కలిసే నడిచింది. 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ వచ్చినప్పుడు ఆమెను మిషను పంపినది వైద్యం చేయడానికి కాదు, స్త్రీల మధ్య బోధపనికి. అయినా ఆమె మందులు పట్టుకొనే వచ్చింది, వైద్యాన్ని దేవుని పనిగా ఒప్పించే దాకా ఊరుకోలేదు. 1898లో ఆసుపత్రి తెరిచింది, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసింది. అన్నయ్య పుట్టినది ఆమె కట్టించిన ఆసుపత్రిలోనే, మా నాన్న పుట్టినదీ అక్కడే. బైబిల్ ఉమన్‌గా, అంటే స్త్రీలకు బైబిలు చెప్పే ఆమెగా, పనిచేసిన మా నాయనమ్మ పల్లెలకు వెళ్లేటప్పుడు సంచిలో బైబిలుతోపాటు పురుళ్లకు కావలసిన గుడ్డలూ డెట్టాలు సీసా కూడా పెట్టుకొని వెళ్లేదని చెప్పేవారు. ఆ సంచి మోసిన చేతి మనవడు, మాత్ర మింగడం అవిశ్వాసమని మైకులో చెప్పాడు.

తెలుగు బైబిలులో 'ఆసక్తి' అన్న మాట ఉంది. ఈ రోజుల్లో ఆసక్తి అంటే సరదాగా ఇష్టపడడం, పెళ్లిచూపుల కాగితంలో పాటలు వినడం, వంట చేయడం అని రాసుకునేది. పాత అనువాదంలో ఆ మాట మంటలాంటిది. పౌలు తన సొంత జాతివారైన యూదులను గురించి రోమీయులకు రాస్తూ, వారు దేవునియందు ఆసక్తి గలవారేగాని వారి ఆసక్తి జ్ఞానానుసారమైనది కాదని బాధపడ్డాడు. ఫిలిప్పీయుల పత్రికలో తన పాత జీవితపు గొప్పలను వరసగా చెబుతూ, ఆసక్తి విషయంలో సంఘాన్ని హింసించినవాణ్ణి అన్నాడు. ఆసక్తికి అతడు చూపించిన రుజువు హింస. మతం మీద మంట ఉన్నంత మాత్రాన మనిషి దేవుడి పక్షాన ఉన్నట్టు కాదని, ఆ మంటలో ఒకప్పుడు తానే ఉండి వచ్చినవాడు చెప్పిన మాట ఇది. మంట లేదని మన సంఘాలను ఎవరూ నిందించలేరు. నవంబరునుంచే సెమీ క్రిస్మస్‌లు, ఇరవైయొక్క రోజుల ఉపవాస ప్రార్థనలు, తెల్లవార్లూ జాగరణ కూడికలు, వీధి చివరి దాకా వినిపించే పెట్టెలు. అయితే ఇదంతా మనకు పెద్దగా ఖర్చు కాని చోటనే మండుతోంది.

మా బంధువులలో ఒకావిడ ఇంటికి పక్కింటివారు తిరుపతినుంచి వచ్చి లడ్డూ తెచ్చి ఇచ్చారు. ముప్ఫై ఏళ్ల పొరుగు. అవతలి ఆవిడ గుమ్మంలో నిలబడి ఉండగానే ఈవిడ, ఇది విగ్రహార్పితం, మా ఇంట్లోకి రానివ్వం అని చెప్పి వెనక్కి పంపింది. తరువాత ఆదివారం అదొక విజయంగా చర్చిలో చెప్పింది, ఆమెన్‌లు వినిపించాయి. విగ్రహాలకు అర్పించిన వాటిని గురించి పౌలు కొరింథీయులకు రాసినది చిన్న విషయమేమీ కాదు. మొదటి పత్రికలో ఎనిమిదో అధ్యాయంనుంచి పదో అధ్యాయం దాకా ఆ చిక్కుముడినే విప్పుతాడు. తినడం, తినకపోవడం అన్న తీర్పుకన్నా ఎదుటి మనిషి మనస్సాక్షి మీద అతని చూపు ఎక్కువగా నిలుస్తుంది. లడ్డూ తినకూడదన్న ఆవిడ మనస్సాక్షిని నేను తప్పుపట్టను. రెండు చేతులా తీసుకొని, సంతోషమమ్మా అని, ప్రయాణం ఎలా జరిగిందని అడిగి, ఆ తరువాత తినకుండా ఉండవచ్చు. నాలుగు నెలలకు అదే ఇంట్లో కొడుకు పెళ్లి కుదిరింది. రక్షణ పొందిన అమ్మాయే కావాలని వెతికారు, ఆ మాట పక్కనే కులం కూడా రాశారు. మంగళగిరి వైపు స్థలం, దానిమీద డబ్బు మాట్లాడుకున్నారు. దాన్ని కట్నమనలేదు, ప్రభువు దీవెన అన్నారు. 1961నుంచి ఈ దేశంలో కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరం. ఆ పెళ్లికి మేమందరం వెళ్లాం, పాస్టర్లు నలుగురు వచ్చారు, ప్రసంగం బాగుంది. లడ్డూ దగ్గర మండిన మంట స్థలం కాగితాల దగ్గర చల్లారిపోయిందేమని అడిగినవాళ్లు లేరు, నాతో సహా.

సంఖ్యల మోజు ఇంకొకటి. ఎన్ని వేలమంది వచ్చారు, ఎంతమంది చేతులెత్తారు, ఎన్ని బాప్తిస్మాలు అన్నది ఇప్పుడు ఉజ్జీవానికి కొలబద్ద. అలాంటి ప్రసంగాలలో 1970 దాకా మన గుంటూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు కథ తప్పక వస్తుంది: 1878 జులై 3న ఒక్కరోజులో 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం పొందారని. అది జరిగినదే. అయితే దాని ముందరి సంగతి వేదికల మీద నేను వినలేదు. 1876నుంచి 1878 దాకా దక్షిణ దేశాన్ని ఊడ్చేసిన కరువులో బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. ఆ సహాయం నడిచినన్నాళ్లూ వచ్చి అడిగినవాళ్లకు బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి డబ్బుల కోసం క్రీస్తు పేరు ఎత్తుకోవలసిన అవసరం ఎవరికీ రాకూడదని, సహాయపు పని ముగిసేదాకా ఆపాడు. 2,222 అన్న అంకె విన్నప్పుడు నాకు ఇప్పటికీ కొంచెం కంగారుగానే ఉంటుంది. ఒక్కరోజులో అంతమందిని పేరుపేరునా ఎరిగి ఉండడం సాధ్యమా అని. కాని జనం తామై వచ్చి అడుగుతుంటే నెలల తరబడి వద్దని చెప్పగలిగిన ఆ నిగ్రహం ముందు, ఈనాటి మా ఊరి బ్యానర్లు నాకు చాలా చిన్నవిగా కనిపిస్తాయి.

ఇదంతా కొత్త సంఘాల మీద ఫిర్యాదుగా చదవవద్దని మనవి. అన్నయ్య పాదం సగం పోయిన తరువాత ఆ పాస్టరుగారు రాలేదు. విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండి ఉంటుందని కబురు పంపారు. ఆ మాట వదిన ఇంకా మరిచిపోలేదు. కాని ఆ సంఘంలోని ఆడవాళ్లు, ఇళ్లలో పనిచేసుకునేవాళ్లు, మిరప యార్డులో తొడిమలు తీసేవాళ్లు, మూడు వారాలపాటు వంతులు వేసుకొని ఆసుపత్రికి క్యారియర్లు తెచ్చారు. ఒకామె రాత్రిళ్లు మంచం పక్కన నేలమీదే పడుకుంది, వదినను ఇంటికి పంపించి. మా పాత మిషను సంఘంనుంచి పెద్దలు ఐదుగురు వచ్చారు, పది నిమిషాలు ప్రార్థన చేశారు, గ్రూపులో పెట్టడానికి ఫొటో తీసుకొని వెళ్లారు. ఆ ఆడవాళ్లు మా దగ్గరినుంచే అక్కడికి వెళ్లినవాళ్లు. మా చర్చిలో ఇరవై ఏళ్లు వెనక బెంచీలో కూర్చుంటే వాళ్ల పేరు అడిగినవారు లేరు, అక్కడికి వెళ్లిన మొదటి వారమే ఎవరో తల మీద చేయిపెట్టి ఏం కష్టమమ్మా అన్నారు. మేము ఆ ఇరవై ఏళ్లూ సంఘ ఎన్నికల మీద, స్థలాల మీద కోర్టుల చుట్టూ తిరిగాం. వాళ్ల విశ్వాసం లోతులేనిదని అనడానికి నాకు నోరు రావడం లేదు. లోతు ఉన్నచోటికి వాళ్లను తీసుకువెళ్లవలసినవాళ్లం మేమే.

అన్నయ్య ఇంటికి వచ్చిన తరువాత నేను వాదించడం మానేశాను. సాయంత్రం వెళ్లి కట్టు మార్చేటప్పుడు పక్కన కూర్చునేవాణ్ణి. ఒకరోజు ఆయనే కార్డు తీసి, దీని ముందూ వెనకా ఏముందో చదువు అన్నాడు. వెనక పాస్టరుగారి ఫొటో ఉందన్నాను. "అది కాదురా" అని నవ్వాడు. చాలారోజుల తరువాత విన్న నవ్వు.

యిర్మీయా 28వ అధ్యాయంనుంచి మొదలుపెట్టాను. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనమందరి ముందూ నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, అక్కడికి చెరపట్టబడినవాళ్లందరూ తిరిగి వస్తారు అంటాడు. చెప్పడమే కాదు, బబులోను రాజుకు లోబడాలన్న దానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరిచి చూపిస్తాడు. అది చూసేవాళ్లకు ఎంత ఉత్సాహంగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. ఆ ఏడే, ఏడో నెలలో, హనన్యా చనిపోయాడని అధ్యాయం ముగుస్తుంది. అన్నయ్య కళ్లు మూసుకొని విన్నాడు. "ఆ హనన్యా మీటింగుకేరా నేను వెళ్లింది" అన్నాడు.

తరువాత 29వ అధ్యాయం. చెరలో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటి వాటి పంట తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టి తెచ్చిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థించండి, దాని క్షేమమే మీ క్షేమం అని ఉంది. పదో వచనంలో గడువు కూడా ఉంది. ఆ గడువు చదివిన తరువాతే కార్డులోని పదకొండో వచనం వస్తుంది. అక్కడ ఆపమన్నాడు.

"ఎన్నేళ్లన్నావు?"

"డెబ్బై."

అన్నయ్యకు అప్పుడు అరవై ఒకటి. కాసేపు వేళ్లమీద ఏదో లెక్కపెట్టి, "అయితే ఈ ఉత్తరం విన్న పెద్దవాళ్లెవరూ తిరిగి ఇల్లు చూసి ఉండరు కదరా. వాళ్ల మనవళ్లు చూసుంటారు" అన్నాడు. అవునన్నాను. కార్డును వెనక్కి తిప్పి ఫొటో వైపు ఒకసారి చూసి, మళ్లీ ముందుకు తిప్పాడు. వదిన లోపలినుంచి, ఎనిమిదైంది, భోజనానికి ముందు మాత్ర అని కేకేసింది. మంచినీళ్లు అందుకోవడానికి నేను లేస్తుంటే, "అధ్యాయం అయిపోలేదుగా, కూర్చో" అన్నాడు.